ఆచార్య మార్కు ఏలియా

నాచారం పారిశ్రామికవాడలో దానమ్మ ఉద్యోగం ఏమిటంటే, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా మొగుడి ముఖం అతికించిన డబ్బాల్లో పళ్లపొడి నింపి మూత బిగించడం. చెబితే ఎవరైనా నవ్వుతారు. పక్కన కూర్చునే సాలమ్మ పదమూడేళ్లుగా నవ్వుతూనే ఉంది.

“ఏమే దానమ్మా, ఇంటికాడ ఒక్కన్ని సంబాళించలేక మేం సస్తున్నం. నువ్వేమో దినాం వెయ్యిమంది మొగలకు మూత బెడ్తున్నవ్!”

“ఈ వెయ్యిమంది బువ్వ అడుగరక్కా. గందుకే నడుస్తున్నది.”

డబ్బా మీద ఉన్నది ఒక ముసలాయన. తలపాగా, నిలువు నామం, నెరిసిన కనుబొమలు, చూడగానే చేతులు జోడించాలనిపించే పెద్దరికం. బొమ్మ కింద ‘వైద్య శిఖామణి సోమాచార్యులు’ అని అచ్చు. అలాంటి వైద్యుడు ఎక్కడా పుట్టలేదు. ఆ ముఖం మాత్రం పుట్టింది. జనగామ అవతల ఒక ఊరి మాదిగవాడలో, పాపమ్మ అనే కూలిమనిషి కడుపున పుట్టింది. అది ఆమె కొడుకు ఏలియా ముఖం.

ఏలియా చిన్నతనంలో పాపమ్మ చేర్యాల దిక్కు ఒక నకాషీ ఇంటివాళ్ల పొలంలో పనికి పోయేది. నకాషీలంటే పటాలు గీసేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో పుట్టుక కథ ఉంటుంది. దాన్ని మూరల కొద్దీ గుడ్డ మీద గీసిస్తే, కథ చెప్పేవాళ్లు ఊరూరా విప్పి చూపిస్తూ పాడతారు. తల్లి చేలో ఉన్నంతసేపూ పిల్లవాడు ఆ ఇంటి వాకిట్లో కూర్చుని చింతగింజలు నూరేవాడు, సుద్ద నూరేవాడు. అరుగు ఎక్కనివ్వలేదు గాని, రంగులు నూరనిచ్చారు. మన దేశంలో అంటు ఎన్నడూ పనికి అడ్డం రాలేదు. వాళ్లు పారేసిన ఉడుత వెంట్రుకల కుంచెను వాడు ఏరుకుని నేల మీద గీసుకుంటుంటే ఒకనాడు ఆ ఇంటి పెద్దాయన చూశాడు. ఆ మర్నాటి నుంచి చూరు కింద కూర్చోబెట్టి నేర్పాడు. అది ఆయన మంచితనం. చూరు దాటించకపోవడం ఆయన కాలం.

“అందరి బొమ్మలు గీస్తరు గదయ్యా, మీ బొమ్మ ఏ పటంల ఉంటది?” అని అడిగాడు ఒకసారి ఏలియా.

“గీసేటోడు పోయి పటంల కూసుంటే గీసుడు ఎవడు జేస్తడురా, పిచ్చోడా!” అని నవ్వాడాయన.

తర్వాత పటాలు విప్పేవాళ్లు తగ్గారు, గీయించుకునేవాళ్లు ఇంకా తగ్గారు. మౌలాలిలో రైలుపట్టాల పని చేసే మేనమామ ఏలియాను పట్నం తెచ్చుకున్నాడు. అక్కడా ఇక్కడా గోడలకు సున్నం వేసి, లారీల వెనక అక్షరాలు రాసి, చివరికి నాచారంలో మూసీ లితో వర్క్స్ అనే ప్రెస్సులో ఆర్టిస్టుగా కుదిరాడు. ఊదుబత్తి డబ్బాలు, బీడీకట్టల కాగితాలు, సబ్బుల రేపర్లు అచ్చువేసే ప్రెస్సు అది. వెనక గదిలో కిటికీ పక్కన బల్ల. దాని మీద రాత్రింబగళ్లు లోకంలోని దేవుళ్లను, పులులను, పసిపాపలను గీయడం అతని పని. గీసినవాడి పేరు ఏ లేబులు మీదా ఉండదు. ఉండాలని అతనికీ ఎన్నడూ తోచలేదు.

ఎనభై మూడులో త్రిమూర్తులు అనే గోదావరి జిల్లా ఆయన నాచారంలో పళ్లపొడి ఫ్యాక్టరీ పెట్టాడు. షెడ్డు దొరికింది, సరుకు దొరికింది, పనివాళ్లు దొరికారు. ఒక్క వంశమే దొరకలేదు. లేబులు కోసం ప్రెస్సుకు వచ్చి కూర్చున్నాడు.

“తాతముత్తాతల నాటి వైద్యం అని వేయాలండీ. ఓ పెద్దాయన బొమ్మ ఉండాలి. చూడగానే జనానికి నమ్మకం కుదరాలి. రేపు పొద్దున్నకల్లా కావాలి.”

“మీ తాతగారి ఫోటో ఉంటే ఇయ్యండి సార్, గీపిస్తం,” అన్నాడు ఫోర్‌మన్ హన్మయ్య.

“మా తాత గోదాట్లో చేపలు పట్టేవాడయ్యా. ఆ ఫోటో వేస్తే పళ్లపొడి ఎవడు కొంటాడు?” అని పకపకా నవ్వి వెళ్లిపోయాడు త్రిమూర్తులు.

రేపటికి ఒక ముఖం కావాలి. అడగ్గానే వచ్చి కదలకుండా కూర్చునే మనిషి ఎవడున్నాడు? హన్మయ్య గడ్డం గీసుకునే అద్దం కిటికీకి వేలాడుతోంది. ఏలియా దాన్ని తెచ్చి బల్ల మీద రంగు డబ్బాకు ఆనించాడు. అప్పుడతనికి ఇరవై ఆరేళ్లు. కనిపించిన ముఖాన్ని కనిపించినట్టు గీసి, ఆ పైన దానికి నలభై ఏళ్లు కలిపాడు. కళ్ల కింద ముడతలు వేశాడు, కనుబొమలు నెరిపాడు, బుగ్గలు కొంచెం లోపలికి లాగాడు. తలపాగా చుట్టాడు. చివరికి, ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి, నామం దిద్దాడు.

సాయంత్రం హన్మయ్య వచ్చి చూసి నోరు తెరిచాడు.

“ఓర్నీ! ఇది నువ్వే గదరా!”

“గింత జల్దిగ ఇంకెవరి మొహం దొరుకుతది మామా? నాకాడ ఉన్నది గిదొక్కటే.”

“బొమ్మ మస్తుంది. గని నీదని సేటుకు చెప్పకు బిడ్డా. నామం బెట్టింది ఏలియాగానికని తెలిస్తే ఆ కాయితం నీ మొహాన్నే కొడ్తడు.”

ప్రెస్సులో ప్రతి లేబులుకూ ఒక జాబ్ కార్డ్ ఉంటుంది. అందులో ‘బొమ్మకు ఆధారం’ అని ఒక గడి. బొమ్మ ఎక్కణ్నుంచి తీసుకున్నాడో ఆర్టిస్టు తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. ఏలియా కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘మా ఊరి వైద్యులు ఆచారిగారు, స్వర్గస్థులు. వారి ఫోటో చూసి.’ అబద్ధాలాడటం అతని గుణం కాదు. కానీ పుట్టిన వాడ చెబితే అద్దెకు గది దొరకని నగరంలో, ఈపాటిది అబద్ధమని కూడా అతనికి అనిపించలేదు.

మర్నాడు త్రిమూర్తులు బొమ్మను వెలుతురుకు పెట్టి చూసి పరవశించిపోయాడు.

“ఇదయ్యా ముఖమంటే! ఏం తేజస్సు! ఇలాంటివి నేర్చుకుంటే రావు, పుట్టుకలోనే ఉండాలి.”

“అవును సార్,” అన్నాడు ఏలియా.

మరుసటి ఏడు దానమ్మతో పెళ్లయింది. ఆమెకు ఆ పళ్లపొడి ఫ్యాక్టరీలోనే పని దొరికింది. ఆచార్య మార్కు డబ్బా నాచారం కిరాణాకొట్ల నుంచి కరీంనగర్ సంతల దాకా పాకింది. వింతేమిటంటే, ఏలియా గీసింది తన ముసలితనాన్ని. కాబట్టి ఏటేటా అతను డబ్బా మీది మనిషికి దగ్గరవుతూ వచ్చాడు. ముందు కళ్ల కింద గీతలు వచ్చాయి. తర్వాత బుగ్గలు పోయాయి. తాను వేసిన చోటనే, తాను వేసినంత లోతునే. ముప్పై ఎనిమిదో ఏటికి వీధిలో పిల్లలు ‘ఆచారీ’ అని పిలవసాగారు. చర్చిలో పెద్దమనిషి శాంతయ్య కూడా ఊరుకోలేదు.

“ఏలియా, ఐతారం ఆరాధనకొస్తవ్. తతిమ్మ ఆరు దినాలు నామం పెట్టుకొని దుకాన్ల కూసుంటవ్. పైకి పోయినంక దేవునికి ఏ మొహం సూపిస్తవయ్యా?”

“దేవునికి ఎర్కేనే అన్నా, ఏది కడుపుకోసమో.”

తొంభై అయిదులో ప్రెస్సుకు కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు ఉప్పల్ కుర్రాడు ఉమామహేశ్వర్ వచ్చాడు. వచ్చిన నెలలోనే పళ్లపొడి లేబులు కొత్తగా చేసే పని పడింది. పాత బొమ్మను స్కాన్ చేసి తెర మీద నిలబెట్టాడు. ఏలియా వెనక నిలబడి చూశాడు. తన ముఖం అంత పెద్దగా ఎన్నడూ చూడలేదు.

“అన్నా, కొంచెం కలర్ తేల్చమన్నరు, ముక్కు జర షార్ప్ చేయమన్నరు. నీ బొమ్మ గదా, ఏమనుకోకు.”

“బొమ్మే గాదురా, మొహం గూడ నాదే.” ఇన్నేళ్లలో ప్రెస్సులో హన్మయ్య తర్వాత ఆ సంగతి తెలిసింది ఉమామహేశ్వర్‌కే. హన్మయ్య చనిపోయి అప్పటికి నాలుగేళ్లు.

కుర్రాడు తెరనూ అతన్నీ మార్చి మార్చి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “మరి ఏం జెయ్యమంటవ్ అన్నా?”

“జెయ్యి. జీతానికొచ్చినవ్ గదా.”

ఒక నొక్కుడుకు నలుపు గోధుమరంగయింది. రెండో నొక్కుడుకు తల్లి పాపమ్మ ఇచ్చిన వెడల్పాటి ముక్కు సన్నబడింది. ఏలియా కళ్ల ముందే ఇదంతా పావుగంటలో అయిపోయింది. అతను అదే ముఖానికి ఒక పగలంతా పెట్టాడు. ఆ తర్వాతి ఏడు ఆర్ట్ రూమ్ ఎత్తేశారు. బల్లతో పాటు మనిషినీ.

ఉప్పల్ చౌరస్తా నుంచి రామంతాపూర్ పోయే రోడ్డు మీద ఒక డబ్బా కొట్టు తీసుకున్నాడు. ‘ఏలియా ఆర్ట్స్.’ బండి నంబర్లు, ఇంటి పేరుపలకలు, చర్చి పండగ బ్యానర్లు. ఇవన్నీ కూటి పనులు. అతనికి ఇష్టమైన పని వేరే ఉంది. కూలినాలి చేసుకునే ఇళ్లలో మనిషి పోతే గోడకు పెట్టుకోను ఫోటో ఉండదు. రేషన్ కార్డుకు దిగిన గోరంత ఫోటోనో, బస్సు పాసు మీద సగం ముద్రపడిన ముఖమో ఉంటుంది. దాన్ని చూసి పెద్ద బొమ్మ గీసివ్వడం. అయితే వచ్చినవాళ్లందరిదీ ఒకటే అనుమానం. “పోలిక వస్తదా అన్నా?”

నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? హీరోల బొమ్మ గీసి పెడితే పోస్టరు చూసి దించాడంటారు. అందుకని ఏలియా ఒక ఉపాయం చేశాడు. కొట్టు మీద పెద్ద రేకు బోర్డు ఎక్కించి దాని మీద తనను గీసుకున్నాడు. నలభై రోజులు పట్టింది. మొదటిరోజు అలవాటు కొద్దీ చెయ్యి తలపాగా గీత గీసేసింది, తుడిచేశాడు. నామం లేదు. నలుపు నలుపుగానే ఉంది. ముక్కు పాపమ్మ ముక్కే. కింద ‘ఏలియా’ అని అరచేయంత అక్షరాలు. నలభయ్యేళ్ల మనిషి మొదటిసారి తన ముఖాన్ని తన పేరు మీద పెట్టుకున్నాడు.

“పైన సూడు, కింద సూడు,” అనేవాడు వచ్చినవాళ్లతో. “ఒక్కడే ఉంటే పని ఇయ్యి. లేకుంటే నీ తొవ్వ నువ్వు పో.”

వాళ్లు పైకి చూసేవాళ్లు, కిందికి చూసేవాళ్లు, నవ్వి కొంగుముడి విప్పి ఫోటో చేతిలో పెట్టేవాళ్లు. రెండు నెలల్లో నాగోల్ దాకా పేరు పోయింది. పేరుతో పాటు ఇంకో మాట కూడా పోయింది. “అరె, గీయన పళ్లపొడి ఆచారి గదా!” కిరాణాకొట్ల వాళ్లు కంపెనీ సేల్స్‌మన్‌ను పట్టుకుని ఆటపట్టించారు. “ఏందివయా, మీ ఆచారిగారు కిరస్తానంల కలిసి ఉప్పల్ల బోర్డులు రాస్తున్నడంట?”

నెల తిరక్కుండా రిజిస్టర్డ్ పోస్టులో ఇంగ్లిషు కాగితం వచ్చింది. ఉమామహేశ్వర్ చదివాడు. ఒకసారి చదివి మళ్లీ చదివాడు.

“ఏముందిరా?”

“వాళ్ల రిజిస్టర్ మార్కు బొమ్మను నువ్వు కాపీ కొట్టినవంట అన్నా. పదిహేను రోజుల్ల తీసెయ్యాలె, లేకుంటే కోర్టుకు పోతరంట.”

“నా మొహం నేను కాపీ కొట్టిన్నా?”

కుర్రాడు కాగితం మడతపెట్టి అతని చేతికిచ్చాడు.

తెలిసిన ప్లీడరొకాయన చూసి, ఇది నిలబడే కేసు కాదన్నాడు. నిలబడదని కోర్టు చెప్పేసరికి ఎన్నేళ్లు పడుతుందో మాత్రం చెప్పలేనన్నాడు. ఏలియాకు కోర్టు వరకూ పోవలసిన పనే లేదనిపించింది. త్రిమూర్తులు పాత మనిషి. వెళ్లి ఎదురుగా నిలబడితే చాలు, సాక్ష్యం మెడ మీదనే ఉంది.

త్రిమూర్తులు కూర్చోమని కుర్చీ చూపించాడు. ఏలియా నిలబడే అంతా చెప్పాడు. అద్దం, హన్మయ్య మాట, నామం, అంతా. త్రిమూర్తులు విని, సొరుగులోంచి ఒక పాత అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ప్రెస్సు వాళ్లు వెతికి ఇచ్చిన జాబ్ కార్డ్.

“ఈ రాత నీదేనా?”

“నాదే సార్.”

“ఆచారిగారి ఫోటో చూసి గీశానని రాశావు. ఇప్పుడు నీ ముఖమే అంటున్నావు. దేన్ని నమ్మమంటావు?”

“గప్పుడు అబద్ధం రాసిన సార్. నిజం రాస్తే తీసుకుంటుంటిరా మీరు?”

త్రిమూర్తులు చెడ్డవాడేమీ కాదు. లోకం ఎట్లా నడుస్తుందో తెలిసి, దాన్ని అట్లాగే నడవనిచ్చేవాడు. మన ఊళ్లన్నీ నిండి ఉన్నది వీళ్లతోనే.

“తీసుకునేవాణ్ని కాదు,” అన్నాడు. “నీ ముఖం మీద నాకేం కోపం లేదయ్యా. దాని కింద పేరుంది చూడు, దాంతోనే చిక్కు. ముఖం ఉంచుకో, పేరు తీసెయ్. కాదంటే పేరు ఉంచుకో, ముఖం మార్చు. రెండూ ఒక్కచోట ఉంటే రేపు నా డబ్బా ఎవడు నోట్లో పెట్టుకుంటాడు?” అతను లేచి భుజం మీద చెయ్యి వేశాడు. “మీ ఆవిడ మన దగ్గరేగా? నెమ్మదస్తురాలు. ఆమెకు ఏ ఇబ్బందీ రాకూడదనే నా తాపత్రయం.”

ఇంట్లో దానమ్మ విని కుతకుతలాడింది. “ఉంచు బోర్డు! నా కొలువు పోతే పాయె. ఎవని మొహం వానికి లేకుండ జేస్తరా?” అని అరిచింది. అదే ఊపిరిలో, “ఈ వయసుల నాకింకో తావుల పనెవడిస్తడు దేవా,” అని కూలబడింది. రెండూ నిజాలే. ఏలియా రెంటినీ విన్నాడు.

“పేరే ఉంచుత,” అన్నాడు. “అది గూడ తీసేస్తే నన్ను పిలిచేదెట్ల?”

పదిహేనో రోజు పొద్దున నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కింద సేల్స్‌మన్ చేతిలో పళ్లపొడి డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. బస్సుకోసం వచ్చినవాళ్లు, ఛాయ్ తాగేవాళ్లు చుట్టూ మూగారు. ఏలియా ముందుగా బోర్డు మీది ముఖానికి పెద్ద మీసం పెట్టాడు.

“ఆచారి పోలీస్‌ల చేరిండు!” అన్నాడెవరో. గొల్లున నవ్వారు.

“ఇంకా పోలుతున్నడన్నా,” అన్నాడు సేల్స్‌మన్.

కళ్లద్దాలు పెట్టాడు. పోలుతున్నాడు. జుట్టు మార్చాడు. పోలుతున్నాడు. “ముక్కు సన్నం జెయ్యి పెద్దమనిషీ,” అని సలహా వచ్చింది. సన్నం చేశాడు. సేల్స్‌మన్ డబ్బా ఎత్తి చూసి తల పట్టుకున్నాడు. “అరెరె, గిప్పుడు అచ్చం గీ కొత్త లేబులే!” కంప్యూటర్ చేసిన ముక్కు అదే మరి. జనం ఈలలు వేశారు. ఏలియా ఏ గీత గీసినా చెయ్యి తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తోంది. వెళ్లమన్నా వెళ్లని కుక్కలాగా.

మధ్యాహ్నానికి గడ్డం సాగదీశాడు, ఒక కన్ను చిన్నది చేశాడు, నుదురు సగానికి కోశాడు. అప్పుడు గుంపు శాంతించింది.

“ఇగ పోలుతలేడు! వదిలెయ్యిండ్రి పాపం.”

సేల్స్‌మన్ డబ్బా చూశాడు, బోర్డు చూశాడు, ఫైలు కోసం ఒక ఫోటో తీసుకున్నాడు. అన్నిసార్లు చూసినవాడు నిచ్చెన మీది మనిషి వైపు ఒక్కసారీ చూడలేదు. ‘ఈ బొమ్మ నాది గానీ మీ కంపెనీది గానీ కాదు’ అని ఉన్న కాగితం మీద సంతకం చేయించుకుని వెళ్లాడు.

నాలుగు రోజులకు నాగోల్ నుంచి మల్లవ్వ అనే ముసలామె వెతుక్కుంటూ వచ్చింది. ఏలియా కొట్టు ముందు కూర్చుని స్కూటర్ ప్లేటు మీద నంబరు రాస్తున్నాడు. ఆమె చీరకొంగు ముడి విప్పి, రేషన్ కార్డు నుంచి పీకిన ఫోటో తీసింది. తర్వాత బోర్డు వైపు తలెత్తి, అతన్ని చూసి, మళ్లీ బోర్డు చూసింది.

“బోర్డు మీద అచ్చం నువ్వే ఉంటవని చెప్పిన్రు బిడ్డా. గీడెవడు?”

“ఎవడు గాదవ్వా.”

“మరి పోలిక వస్తదా నీకు? మా ముసలాయన బొమ్మ గియ్యాలె.”

ఏలియా ఆ ఫోటో వైపు చెయ్యి చాచబోయి ఆగాడు.

“పేర్లు రాస్తనవ్వా. మనుషులను గియ్య.”

“పేరు నేనేం జేసుకుంట బిడ్డా?” అంది మల్లవ్వ. “ఆయన పేరు నాకెర్కే. మొహమే మర్సిపోతున్న.”

ఏలియా ప్లేటు మీదికి వంగాడు. ఆమె ఫోటోను కొంగున కట్టుకుని, బస్సు వైపు నడిచింది.